లస్కరు బావగారి బస్రా గడియారం

మా పెద్దబావగారు పోయారన్న కబురు నాకు పడవ మీద వచ్చింది. ఆ పొద్దున నేను బెజవాడ రేవులో నిలబడి నలుగురికి వాక్యం చెబుతున్నాను. ఎగువకు వచ్చిన ధాన్యం పడవ సరంగు ఇంకా తాడు కట్టకుండానే నన్ను చూసి కేకవేశాడు. "అయ్యా, లాకు దగ్గర లస్కరుగారు తెల్లారి లేవలేదండీ. తలుపులు మేమే తీసుకుని వచ్చామండీ." మొదటి మాట నమ్మలేదు గాని, రెండో మాటతో నమ్మాను. బతికుండగా ఆ తలుపుల మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చిన మనిషి కాదు ఆయన.

బందరు కాలువ మీద ప్రయాణం చేసినవారు ఆయనను ఎరగకుండా ఉండరు. మా అక్క మొగుడు. ఆ లాకుకు లస్కరు, అంటే తలుపులూ తూములూ చూసుకునే నౌకరు. పడవ రెండు జతల తలుపుల మధ్య తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసుకుంటాయి, ముందు తలుపులు ఇంకా తెరుచుకోవు. రెండు పక్కలా పాచి పట్టిన రాతిగోడలు, పైన చీలికంత ఆకాశం. జమీందారైనా, జట్కావాడైనా అక్కడ కాసేపు ఖైదీయే. గోడ మీద తలగుడ్డ చుట్టుకుని నీళ్ళు వదిలే తూము మర తిప్పుతూ మా బావగారు కనబడేవారు. తొందరపడి అరిచేవారితో ఆయన ఒకటే అనేవారు: "నన్ను తిడితే ఏం లాభమండీ? ఈ తలుపు బలానికి తెరుచుకునేది కాదు. అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ ఒక్క మట్టానికి రావాలి. వచ్చాయంటే నా వీపు ఆనిస్తే చాలు." ఇంకో మాట కూడా ఉండేది, అది నవ్వుతూ అనేవారు: "తొట్టిలో ఉన్నవాడు అబద్ధం చెప్పడు బావమరిదీ. దిగి పారిపోయే దారి ఉండదు గదా!"

నాకు బడి లేదు. అక్షరాలు ఆయన లాకు గోడ మీది నీటిమట్టం అంకెల పక్కన బొగ్గుతో రాసి నేర్పినవే. ఈవేళ నా చంకలో ఉన్న సత్యవేదం ఆయన కొనిచ్చిందే. ఆ రుణం సంగతి పైవాడికే తెలుసు. అయితే నేను రాయదలచుకున్నది ఆ సంగతి కాదు. ఒక మనిషి చేయని పాపంలో ఎన్నేళ్ళు బందీగా ఉండగలడో, ఆ సంగతి రాస్తాను.

మా సంఘంలో నెలకొకసారి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల ఇస్తారు. రొట్టె పళ్ళెం చేతులు మారుతూ వరసగా వస్తుంది. వెనక వరసలో గోడనానుకుని కూర్చున్న మా బావగారి చేతిలోకి వచ్చేది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని, తల వంచి, ఒక్క ముక్కైనా తుంచకుండా పక్కవారికి అందించేవారు. ఆడవాళ్ళ వైపు మా అక్క కూడా అంతే. బావగారి నాన్నగారిని మట్టి చేసిన దగ్గరనుంచి ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. తాగడు, కొట్టడు, ఒకరి సొమ్ము ముట్టడు. మరి ఏమిటీ? సంఘంలో గుసగుసలు మొదలైనాయి. కొందరు ఆయనకు పొరుగూళ్ళో ఇంకో సంసారం కూడా కల్పించి పెట్టారు.

ఒక ఆదివారం నేను, సత్యవేదంలో దోపుడు సొమ్ములోంచి మంచి పైవస్త్రం దాచి తన గుడారం మధ్య పాతిపెట్టుకున్నవాడి మీద ప్రసంగం చేశాను. ఒక్కడు దాచిన దానికి దండు దండంతా యుద్ధంలో ఓడిపోయింది. గుడారం నేల తవ్వి చూసుకోండి, ఏం పాతిపెట్టారో చూసుకోండి అని గొంతు పోయేలా అరిచాను. ప్రసంగం అయ్యాక మా బావగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"సాయంత్రం లాకు దగ్గరికి రా బావమరిదీ. తవ్వి చూపిస్తాను."

వెళ్ళాను. నిజంగానే గడ్డపారతో పొయ్యి పక్క నేల తవ్వి ఒక రేకు డబ్బా తీశారు. అందులో నూనెగుడ్డ చుట్టి ఒక చేతిగడియారం ఉంది. వెండిది, నల్లబడిపోయింది. అద్దం లేదు, అద్దం ఉండవలసిన చోట పైన వంగిపోయిన చిన్న జాలీ ఉంది. అంకెలు గోధుమరంగుకు తిరిగాయి. ముళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తుప్పుతో అతుక్కుపోయాయి.

ఆయన నాన్నగారు మొదటి జర్మనీ యుద్ధంలో సర్కారు కంచరగాడిదల దండుతో సముద్రం దాటి బస్రా వెళ్ళారు. చలిజ్వరమూ, ఈ గడియారమూ తెచ్చుకున్నారు. ఒక్కనాడైనా చేతికి పెట్టుకోలేదు, ఎక్కడిదో చెప్పలేదు. ఎవరైనా అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవారు. పోతూ పోతూ కొడుకు చేతిలో పెట్టి, "అమ్మకు" అన్నారు, అమ్ముకోవద్దని. అంతే.

"వెనక్కి తిప్పి చూడు" అన్నారు బావగారు.

చూశాను. వెనకవైపు మధ్యలో మూడు గీతలు. కింద ఒకచోట కలిసి, పైకి విడిపోయి ఉన్నాయి. తక్కిన అక్షరాలూ అంకెలూ అరిగి గరుకుగా మిగిలాయి.

"నామం" అన్నాను.

"నామమే. గాడిదలు తోలుకునే కిరస్తానం మనిషికి నామం గుర్తున్న వెండి గడియారం ఎవరిస్తారు? నామాలు పెట్టుకునే సిపాయి ఎవడో అక్కడ ఇసకలో పడిపోయుంటాడు. మా నాన్న వాడి చేతినుంచి ఒలుచుకొచ్చాడు. చచ్చినవాడి చేతినుంచి! ఇంకేముందిలే."

"కాలువలో పారేయలేకపోయారా?"

"పారేస్తే దాచినవాణ్ణే కాదు, ముంచినవాణ్ణి కూడా అవుతాను. అమ్మితే తిన్నవాణ్ణవుతాను. పెట్టుకుంటానా? ఆ చెయ్యి పడిపోదూ! అది ఇచ్చేయాల్సినవాళ్ళకి ఇచ్చేదాకా ఆ రొట్టె నేనెట్లా ముట్టుకోను? నువ్వే చెప్పు, వేదం చదివినవాడివి."

చదివినవాణ్ణే. బలిపీఠం దగ్గర కానుక వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్న మాట నాకు కంఠస్థమే. చచ్చిపోయి ఇసకలో కలిసినవాడితో ఎట్లా సమాధానపడాలో మాత్రం అందులో లేదు. సంఘపెద్ద ఒకాయన ఈ సంగతి విని, లోకాంతంలో మృగం మనుషుల చేతికి నొసటికి వేస్తుందని వేదంలో ఉన్న ఆ చెడ్డ ముద్ర ఇదేనని బయలుదేరాడు. "ముందు నీ నోటికి ఒక ముద్ర వేసుకో" అని ఆయనను నేను గుమ్మం దగ్గరే ఆపాను.

అప్పుడు తెలిసింది నాకు, ఏళ్ళ తరబడి మా బావగారు తొట్టిలో నామాలవారిని ఏమడుగుతున్నారో. పడవలో నొసట నామం కనబడితే చాలు, గోడ మీదినుంచి వంగి అడిగేవారు: "అయ్యా, తమ ఇంటినుంచి ఎవరన్నా ఆ యుద్ధంలో బస్రా వెళ్ళి రాకుండా పోయారా అండీ?"

కొందరు జాలిపడేవారు, కొందరు మండిపడేవారు. ఒక ఆచార్యులుగారు, "మా ఇంట అందరూ సుఖంగా ఉన్నారయ్యా! పొద్దున్నే నీ నోట మంచిమాటే రాదా?" అని తొట్టి మారుమోగేలా కసిరారు. సరంగులకు అది వేళాకోళం అయిపోయింది. "లస్కరుగారూ, నామాలోళ్ళు ముగ్గురున్నారండీ ఈ పడవలో! తీరిగ్గా అడుక్కోండి, మాకేం తొందర లేదు!" అనేవారు. ఆయన నవ్వేవారు కాదు. ముగ్గురినీ అడిగేవారు.

అట్లా అడగగా అడగగా ఒకనాడు పెడన వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తల ఎత్తింది. సాలెవారి ఇంటి మనిషి, కొడుకు నేసిన చీరల మూటలమీద కూర్చుని బెజవాడ కొట్లకు వేయడానికి వస్తోంది.

"మా పెద్దోడు వెళ్ళాడు నాయనా" అంది. "మగ్గం గుంటలో కూచోలేనమ్మా, కాళ్ళు కట్టేసినట్టుంది అని పట్టాళంలో చేరిపోయాడు. ఓడ ఎక్కాడన్నదాకా తెలుసు. ఎందుకు అడిగావు?"

మా బావగారు పరుగున ఇంట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చారు. గోడకున్న ఇనపమెట్లు దిగి ఆమె అరచేతిలో గడియారం పెట్టారు. ఆమె అటూ ఇటూ తిప్పి, వెనక గుర్తును బొటనవేలితో తడిమింది. చాలాసేపు తడిమింది.

"వాడికి గడియారం ఉండేదా అమ్మా?"

"ఇంట్లో ఉన్నప్పుడు లేదు. అక్కడ కొనుక్కునుంటాడు. నామం చెక్కించుకునుంటాడు. నామం లేకుండా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు." తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది. "నడవదా?"

"లేదమ్మా."

"అయితే నడిపించి ఇయ్యి. ఆగిపోయినదాన్ని ఇంట్లోకి తీసుకుపోను. ఇన్నాళ్ళూ వాడు పోయాడని నేను అనలేదు, నా ఇంట్లో ఎవర్నీ అననివ్వలేదు."

చదువరులారా, ఆ సాయంత్రం మా అక్క ముఖం మీరు చూడవలసింది. వచ్చే బల్ల నాటికి ఇద్దరమూ రొట్టె తీసుకుంటాం తమ్ముడూ అంది. మరునాడే నేనూ బావగారూ గవర్నరుపేటలో గడియారాలు బాగుచేసే ఒకాయన దగ్గరకు వెళ్ళాం. ఆయన నొసట కూడా నిండుగా నామం ఉంది. కంటికి అద్దం పెట్టుకుని మూత విప్పి, "ఇది గడియారమా, తుప్పు డబ్బానా?" అన్నారు. "పోయిన యుద్ధం సరుకు ఇది. ఈ జాలీ చూశారా, పెంకులు తగిలి అద్దం పగలకుండా. అంకెలకి చీకట్లో వెలిగే మందు వేశారు, అది చచ్చిపోయింది. స్ప్రింగు తెగింది. చక్రం ఇరుసు విరిగింది. ఈ యుద్ధంలో ఓడలు రాకపోతే సామాను ఎక్కడ తేనండీ? ఇంకో చచ్చినదాన్ని కోసి దీనికి పెట్టాలి." అంటూనే వెనక్కి తిప్పారు. గుర్తు చూడగానే గడియారాన్ని కళ్ళకద్దుకున్నారు. "స్వామివారి ముద్ర! ఎవరో మహాభక్తుడిది."

అనుమానం ఏమైనా మిగిలి ఉంటే అక్కడితో పోయింది.

వారాలు పట్టింది. తుప్పు కిరసనాయిలులో నానబెట్టారు. ఇరుసు సన్నగా ఆకురాయి పట్టి దించారు. వంగిన జాలీని చెక్క మీద పెట్టి మెల్లగా సాపు చేశారు. అంకెలకు కొత్త మందు వేయనా అని అడిగితే మా బావగారు వద్దన్నారు. "ఆ అబ్బాయి చూసిన రంగే వాళ్ళమ్మ చూడనీండి." ఆఖరున గడియారాలాయన ఇంకొకటి అడిగారు. "నామం బాగా అరిగిందండీ. మళ్ళీ లోతుగా చెక్కి, మధ్య గీతలో ఎర్ర లక్క నింపుతాను. ఆ తల్లి కళ్ళకి ఆనుతుంది."

నేను ఊరుకోలేకపోయాను. "బావగారూ! విశ్వాసి దగ్గరుండి నామం చెక్కించడమా?"

"నాకోసమా చెక్కించేది? కొడుకుని పోగొట్టుకున్న మనిషి. ఆమె గుర్తు ఆమెకి తెలియాలి గదా" అని, ఆయనవైపు తిరిగి, "చెక్కండి" అన్నారు.

గడియారం చేతికి వచ్చిన రోజు అది ముక్కుపుడకలా మెరుస్తోంది. టిక్కు టిక్కుమంటోంది. వెనక లోతైన మూడు గీతలు, మధ్యది రక్తంలా ఎర్రన. బావగారు దాన్ని లోపలి జేబులో పెట్టుకుని, నడుస్తున్నంతసేపూ జేబుమీద చెయ్యి తీయలేదు. నాకు తెలిసి ఆయన కూనిరాగం తీయడం అదే మొదలు.

పడవ ఎక్కడానికి ఆనకట్ట దగ్గరకు వచ్చాం. రెండో యుద్ధం రోజులు. రైలు వంతెనకు కాపలాగా సిపాయిలు గుడారాలు వేశారు. గట్టుమీద పారలు కుప్పపోసి ఉన్నాయి. మా బావగారు నిలబడిపోయారు.

"బావమరిదీ, పారలకి నామాలెందుకు పెట్టారు?"

పారలకే కాదు. నీళ్ళ డబ్బాలకు, గుడారం గుడ్డకు, లాంతరు బుడ్డికి, అన్నిటికీ అవే మూడు గీతలు. కాకపోతే తలకిందులుగా, కలిసే మొన పైకి ఉంది. ఒక సిపాయి మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. విశాఖపట్నం వైపు మనిషి.

"ఏటి తాతా, అలా సూస్తన్నావు?"

"ఈ నామం ఏమిటి బాబూ?"

"నామమా!" అతను పడీ పడీ నవ్వాడు. "ఇది బాణం తాతా. సర్కారోళ్ళ బాణం. ఈ సరుకు మాదని గుర్తు. పారకీ ఉంటాది, పళ్ళేనికీ ఉంటాది, గాడిద డెక్క మీద కూడా కాల్చి ఏస్తారు. పోయిన యుద్ధంలోనూ ఇదే."

మా బావగారు గడియారం తీసి చూపించి, నాన్నగారు బస్రా నుంచి తేవడమూ, తన అనుమానమూ అంతా చెప్పారు. అతను తిప్పి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇది సర్కారు గడియారమే. బాణానికి ఎర్రనామం దిద్దించేరేటి? లోపల దాసెయ్యండి, మా దొర కంట పడితే మీ ఇద్దరి పనీ అయిపోద్ది." తర్వాత జాలిపడి అడిగాడు. "మీ నాన్న ఏం సేసేవోడు?"

"గాడిదల వరసకి ముందు నడిచేవాడట."

"అలాగైతే ఆయనకే ఇచ్చుంటారు. ఏళకి బయల్దేరి ఏళకి సేరాలి గదా. జొరం తగిలి పంపేసినప్పుడు ఎనక్కి అడగడం మరిసిపోయుంటారు. ఆయన ఇవ్వడానికి బయపడుంటాడు. శవాల మీది సరుకైతే ఇన్నేళ్ళు దాస్తాడా ఎవడైనా? మర్నాడే అమ్ముకుంటాడు."

పడవలో నాకు ఆనందం ఆగలేదు. "బావగారూ, లేని సిపాయి కోసం ఇన్నేళ్ళు ఏడ్చారు! మీ నాన్నగారు శవాన్ని దోచినవాడు కాదు. సంకెళ్ళు ఊడిపోయాయి. చెరసాల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నట్టు!" అని సగం ప్రసంగం అక్కడే చేసేశాను.

ఆయన నీళ్ళవైపు చూస్తున్నారు. "ఆమె సంగతో?" అన్నారు.

ఎత్తిన చెయ్యి దించుకున్నాను.

"ఇన్నాళ్ళూ లేనివాడికి బాకీ పడ్డాననుకున్నాను. ఇప్పుడు ఉన్నామెకి నిజంగా పడ్డాను. కొడుకు గడియారమని చెప్పాను. చాలక దగ్గరుండి నామం కూడా చెక్కించాను. ఇప్పుడిది బాణం అన్నా ఎవరు నమ్ముతారు? నా చేత్తోనే అబద్ధాన్ని వెండిలో చెక్కించుకున్నాను బావమరిదీ."

ఇంట్లో మా అక్క వద్దని బతిమాలింది. "ఇచ్చేయండి. తీసుకుని సంతోషపడుతుంది. సర్కారు గుర్తని ఆమెకెవరు చెబుతారు? మనం కూడా ఊపిరి పీల్చుకుందాం." నేను సత్యం సత్యం అని అరిచాను. "నువ్వు అరవకు, నీకేం, అరిచి వెళ్ళిపోతావు" అంది అక్క. ఆయన మా ఇద్దరినీ పట్టించుకోలేదు. గడియారానికి కీ ఇస్తూ కూర్చున్నారు. ఆ బల్లనాడు మళ్ళీ పళ్ళెం రెండు చేతులా అందుకుని, పక్కవారికి ఇచ్చేశారు. ఆడవాళ్ళ వైపు మా అక్క పళ్ళెం వంక కూడా చూడలేదు.

తర్వాతి పడవలో ముసలమ్మ వచ్చింది. నేను గోడ మీదే ఉన్నాను. పడవ తొట్టి అడుగున ఉంది, వెనక తలుపులు పడ్డాయి, మా బావగారు తూము ఎత్తారు. నీళ్ళు లోపలికి ఉరుకుతున్నాయి. ఆ చప్పుడులోనే ఆయన మొదలుపెట్టారు.

"అమ్మా, గడియారం నడుస్తోంది. కాని అది మీ అబ్బాయిది కాదు."

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఆయన మళ్ళీ చెప్పారు, ఇంకా గట్టిగా. పారల సంగతి చెప్పారు, సిపాయి మాట చెప్పారు, ఎర్ర లక్క తానే పెట్టించానన్నారు. పడవ జానెడు జానెడు పైకి లేస్తోంది. ఆమె ముఖం ఇంకా నీడలో ఉంది.

"కిరస్తానం వాడివి, నీకు నామం పెట్టే పనేమిటయ్యా?" అని అరిచింది. "నిన్ను నేను అడిగానా? నా దారిన నేను మూటలమీద కూచుని పోతుంటే పిలిచి మరీ ఇచ్చావు! ఇన్నేళ్ళకి ఒక వస్తువు దొరికిందని కోడలికి చెప్పాను, వీధిలో చెప్పాను. ఇప్పుడు బాణమంటావా!"

"తప్పే అమ్మా."

"తప్పంటే సరిపోయిందా?"

సరంగు ఒకడు సర్దిచెప్పబోతే, "నువ్వు గెడ వేసుకో, నీ పని కాదు" అని కసిరింది. ఎక్కడికీ పోయే దారి లేదు. ఆమెకూ లేదు, ఆయనకూ లేదు. నీళ్ళు నిండుతూనే ఉన్నాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి పడవ గోడ అంచుదాకా లేచింది. ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా వచ్చాయి.

"ఆ బాణం పారలమీద ఉంటుందన్నావే. మావాడి పళ్ళెం మీద ఉండేదా?"

"ఉండేదమ్మా. పట్టాళంలో అందరికీ ఉంటుందట."

"వాడి నీళ్ళ బుడ్డి మీద?"

"దాని మీద కూడా."

"రోజూ చూసేవాడే అయితే." చెయ్యి చాపింది. "ఇటియ్యి." గడియారం చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ముందు తలుపులు అప్పటికే తెరవవచ్చు. మా బావగారు కదలలేదు, సరంగూ అడగలేదు.

తిరిగి ఇచ్చేస్తూ అంది. "నాది కానిది పట్టుకుపోను. నీ దగ్గరే ఉంచు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకసారి విననీ. ఆ ఎరుపు మాత్రం తుడవకు, పెట్టినవాడివి పెట్టావు."

అటుపై వచ్చిన బల్లనాడు పళ్ళెం వెనక వరసకు వెళ్ళింది. నేను ముందున్నాను, అయ్యగారి పక్కన. మా బావగారు చిన్న ముక్క తుంచారు. నోట్లో పెట్టుకుని, నమలడం మరచిపోయినవారిలా అలా కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి మా అక్క ఏడుపు వినబడింది. నోట్లో రొట్టెతోనే ఏడుస్తోంది. నేను ఆ ఆదివారం ప్రసంగం చేయలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అదొకటి: కొన్నిచోట్ల నా గొంతు అవసరం లేదు.

ఆయన సుఖపడ్డారని రాయను. సర్కారు సొత్తు సర్కారుకు ఇచ్చేయాలా అన్న బెంగ తర్వాత పట్టుకుంది. తెల్లదొరలు వెళ్ళిపోయాక, "ఇప్పుడు ఇద్దామన్నా ఎవరికివ్వాలి?" అని నన్నే అడిగేవారు. లాకు వదిలి ఒక్క రాత్రి బయట పడుకోలేదు. అయినా పెడన పడవ వచ్చే రోజున గడ్డం గీసుకునేవారు. ముసలమ్మ వింటున్నంతసేపూ ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. నీళ్ళు సగం లేచాక, "ధాన్యం ధరెట్లా ఉంది?" "నూలు దొరకడంలేదు నాయనా" అని మొదలయ్యేది.

ఆయనను మట్టి చేసిన తర్వాతి వారం నేను అక్క దగ్గరకు వెళ్ళాను. కొత్త లస్కరు వచ్చాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. సామాను గుమ్మంలో కట్టి ఉంది. ఆ మధ్యాహ్నం పెడన పోయే పడవ ఎగువ నుంచి తొట్టిలోకి వచ్చింది. ముసలమ్మ గోడ మీదికి చూసింది, కొత్త ముఖం చూసింది, మా అక్క బోసిపోయిన మెడ చూసింది.

అక్క లోపలికి వెళ్ళి గడియారం తెచ్చి వంగి ఆమె చేతిలో పెట్టింది. కొత్తవాడికి ఏం తెలుసు, దిగువ తూము ఎత్తేశాడు. నీళ్ళు దిగిపోతున్నాయి, పడవ కిందికి పోతోంది. ముసలమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. కళ్ళు తెరిచేసరికి గోడ నడుమెత్తు లేచింది.

"అమ్మాయ్, అందుకో!" అని చెయ్యి పైకెత్తింది.

అక్క గోడ అంచున మోకాళ్ళమీద కూర్చుని వంగింది. అందేంత దూరంలోనే ఉంది. వేళ్ళు తగిలాయి కూడా. అక్క తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది.

"అందుకో అమ్మాయ్, తలుపులు తీస్తున్నారు!"

అక్క కదలలేదు. తలుపులు విడిపోయాయి, ఎండ తొట్టిలోకి వచ్చింది, సరంగు గెడ వేశాడు. పడవ వంపు తిరిగేదాకా గడియారం పట్టుకున్న ఆ ముసలి చెయ్యి పైకి లేచే ఉంది.